తలుపు వెనీర్ మరమ్మతు – 3వ పాఠం: బుడగలు, లేచిన అంచులు

వెనీర్ అంటే తలుపు మీద అతికించే పలచటి చెక్క పొర. పోయిన పాఠంలో తలుపంతా వేలి కణుపుతో తట్టి, ఆ పొర లేచి డొల్లగా మోగిన చోటల్లా పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నారు. ఈసారి ఆ గీతల లోపలి పని. పొర ఊడిపోయి కనబడకుండా పోయిన చోట్ల అతుకు వేయడం నాలుగో పాఠంలో చూద్దాం. అక్కడ పెచ్చులు వేలాడుతుంటే మాస్కింగ్ టేపు అంటించి వదిలేయండి.

మొదట తేల్చుకోవాల్సింది, పొరను దేంతో అతికించారన్నది. వడ్రంగి ఇంటి దగ్గరే ఫెవికాల్ పూసి అతికించిన వెనీర్ అయితే జిగురు వేడికి మెత్తబడుతుంది. ఇస్త్రీ పెట్టెతోనే చాలావరకు పనైపోవచ్చు. ఫ్యాక్టరీలో వేడి ప్రెస్సులో నొక్కిన ఫ్లష్ డోర్ (రెండు పక్కలా చదునుగా ఉండే తలుపు) అయితే అందులో ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్ లాంటి రెసిన్. ఒకసారి గట్టిపడితే అది మళ్లీ కరగదు. ఎంతసేపు ఇస్త్రీ చేసినా పాలిష్ మాడుతుందే తప్ప పొర అతుక్కోదు. అందుకని ఒక చిన్న బుడగ మీద బ్రౌన్ పేపర్ వేసి, సిల్క్ బట్టకు పెట్టేంత వేడితో పది సెకన్లు ఆనించి చూడండి. వెంటనే చదునైన చెక్కముక్కతో నొక్కి, చల్లారేదాకా చెయ్యి తీయొద్దు. మళ్లీ తట్టినప్పుడు శబ్దం గట్టిపడితే సరే, లేకపోతే ఇస్త్రీ పెట్టెను పక్కన పెట్టేయండి. లక్క పాలిష్ ఉన్న పాత తలుపుల మీద మాత్రం ఈ పరీక్ష వద్దు, తెల్లటి మరక పడుతుంది.

తలుపు ఎండి ఉండాలి. వానల్లో తేమ పీల్చిన పొర వెడల్పవుతుంది. దాన్ని అలాగే అతికిస్తే వేసవికల్లా కుంచించుకుపోయి, నార (చెక్కలోని గీతల దిశ) వెంట వెంట్రుకవాసి చీలికలు కనబడతాయి. బాత్రూం తలుపైతే బందుల నుంచి విప్పి, కనీసం వారం రోజులు నీడలో, రెండు పక్కలా గాలి తగిలేలా నిలబెట్టండి. తొందరపడి ఎండలో పెడితే ఒక పక్కే ఆరి తలుపు వంకరపోతుంది. విప్పేటప్పుడు తలుపు కింద ఆనుడుగా చెక్కముక్క పెట్టి, కింది బందు మొదట, పై బందు చివర విప్పాలి. ఇద్దరు మనుషులుండాలి.

మన ఎండలకు చెక్క బాగా ఎండుతుంది గానీ జిగురుకూ అదే గతి. అనంతపురం, కర్నూలులో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఫెవికాల్ మీద నిమిషాల్లోనే మీగడ కడుతుంది. మీగడ కట్టిన జిగురు పైకి అంటినట్టు కనిపించినా పట్టు ఉండదు. పొద్దున్నే, ఫ్యాన్ ఆపి, ఒకసారికి ఒకే బుడగ పని పెట్టుకోండి.

ఇస్త్రీకి లొంగని బుడగలోకి సిరంజితో జిగురు ఎక్కించాలి. మందుల షాపులో 5 మి.లీ. సిరంజి, 18 గేజ్ సూది (గులాబీ రంగు మూత ఉన్నది) దొరుకుతాయి. అంతకంటే సన్నని సూదిలో ఫెవికాల్ దిగదు. పది పాళ్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలపండి. ఇంకా పలచన చేస్తే ఆ నీళ్లకే పొర మళ్లీ ఉబ్బుతుంది.

కొత్త బ్లేడుతో బుడగ మధ్యన, నార వెంట, వీలైతే ఒక ముదురు గీత మీదనే కోయండి. అడ్డంగా కోసిన గాటు ఎంత పాలిష్ వేసినా దాగదు. బ్లేడును కాస్త ఏటవాలుగా పట్టుకుంటే అంచులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఖాళీ సిరంజితో లోపలికి గాలి ఊది పొడి బయటికి తెప్పించండి. ఆ తర్వాత సూదిని గాటులోంచి రెండు పక్కలకూ పోనిచ్చి జిగురు వదలండి. అరచేతంత బుడగకు 2 మి.లీ. చాలు. బొటనవేలితో అంచుల నుంచి గాటు వైపు నిమురుతూ రండి. పొర కింద జిగురు కదలడం వేలికి తెలుస్తుంది. గాటు పొడవునా సన్నటి తెల్ల గీతలా బయటికి వస్తే అంతటా పాకినట్టు. దాన్ని అప్పటికప్పుడే తడిగుడ్డతో తుడిచేయాలి. అక్కడ ఎండిపోయిన జిగురు పాలిష్‌ను పట్టనివ్వదు, మచ్చగా మిగిలిపోతుంది.

ఇక బరువు. తలుపును బల్లల మీద పడుకోబెట్టి, బుడగ మీద పాలిథీన్ కాగితం, దానిమీద బుడగ కంటే పెద్దదైన 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, ఆ పైన కడప బండ. అడుగు చదరం, అంగుళం మందం ఉన్న బండ ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. ఇలాంటివి రెండు మూడు పేర్చండి. పాలిథీన్ వేసే ముందు పొర మీద చెయ్యి పోనిచ్చి చూడండి. అక్కడొక ఇసుక రేణువు చిక్కుకుంటే ఇంత బరువు కింద అది పొరలోకి గుంట పెడుతుంది. ఆరు గంటల తర్వాత బరువు తీయొచ్చు, గరుకు కాగితం మాత్రం మర్నాటిదాకా ముట్టించొద్దు. పొర మందం సాధారణంగా అర మిల్లీమీటరే. 220 నంబరుతో, చేత్తో, నార వెంట నాలుగైదు సార్లు తీస్తే చాలు. మెషీన్ పెడితే కింది ప్లై తేలుతుంది.

లేచిన అంచులకు సిరంజి అక్కర్లేదు. 120 నంబరు కాగితాన్ని మడిచి, లేచిన పొర కిందికి దూర్చి లాగుతూ పెళుసెక్కిన పాత జిగురును రాల్చండి. పొరను మరీ ఎత్తితే పుటుక్కున విరుగుతుంది. నీళ్లు కలపని ఫెవికాల్‌ను పాత ఏటీఎం కార్డుతో లోపలికంటా పూసి, రెండు పక్కలా పాలిథీన్, చెక్కపట్టీ పెట్టి, నాలుగేసి అంగుళాలకు ఒక సి-క్లాంపు బిగించండి. ఫెవిక్విక్ జోలికి పోకండి. అది సర్దుకునే వ్యవధి ఇవ్వదు, పొరలోకి ఇంకి నల్లబడుతుంది.

బాత్రూం తలుపుల్లో ఇంతకంటే ముఖ్యమైంది కింది అంచు. వడ్రంగులు తలుపు ఎత్తు సరిచేసేటప్పుడు దాన్ని కోసి పచ్చిగానే వదిలేస్తారు, బకెట్ నీళ్లన్నీ అక్కడినుంచే లోపలికి ఎక్కుతాయి. విప్పిన తలుపు చేతిలో ఉండగానే ఆ అంచుకు వుడ్ ప్రైమర్ ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు వేయండి. ఇది చేయకుండా పైన ఎంత అతికించినా దండగే.

తలుపులో మూడో వంతు డొల్లగా మోగితే, లేదా బొటనవేలితో నొక్కితే లోపలి చెక్క దిగబడితే ఈ పాఠం పనికిరాదు. 2009 అక్టోబరు వరదలో నానిన కర్నూలు ఇళ్ల తలుపుల్లాంటి వాటికి లోపలి ప్లై పొరలే విడిపోయి ఉంటాయి. అలాంటిది మార్చేయడమే మేలు.

నాలుగో పాఠం మొదలయ్యేలోపు, తలుపు మీది నార తీరు పగటి వెలుతురులో ఫోటో తీసుకుని ప్లైవుడ్ షాపులో చూపించి, దానికి దగ్గరగా ఉండే అడుగు పొడవు వెనీర్ ముక్క తెచ్చుకోండి. రంగు కాస్త లేతగా ఉన్నా ఫరవాలేదు. ముదురుది మాత్రం వద్దు, లేతను ముదురు చేయగలం, ముదురును లేత చేయడం కష్టం.