పాత అమెరికా లోకల్ స్టాంపా? ముద్ర చూసి కొనండి

1840ల నాటి అమెరికా లోకల్ స్టాంపు (ఊళ్లో ఉత్తరాలు అందించే ప్రైవేటు కంపెనీలు వేసిన స్టాంపు) కొంటుంటే, విడి స్టాంపు కన్నా ఉత్తరంతో ఉన్నదే నయం. 1860ల్లోనే న్యూయార్క్‌లో హస్సీ, బోస్టన్‌లో టేలర్ అనే స్టాంపుల వ్యాపారులు వీటికి నకళ్లు వేసి అమ్మారు. టేలరైతే లేని కంపెనీల పేర్లతో కూడా స్టాంపులు అచ్చేశాడు, అంత ఘనుడు!

ముందు ఉత్తరం మడత విప్పి తేదీ చూడండి. తర్వాత, స్టాంపు వాడేసినట్టు దానిపై కొట్టిన ముద్ర. న్యూయార్క్‌లో ఉత్తరాలు పంచే సిటీ డెస్పాచ్ పోస్ట్ 1842 ఫిబ్రవరిలో ప్రైవేటుగా మొదలైంది, ఆగస్టులో ప్రభుత్వం కొనేసింది. వాషింగ్టన్ బొమ్మతో ఉన్న ఆ 3 సెంట్ల స్టాంపునే ప్రైవేటుగా ఉన్నప్పుడూ, ప్రభుత్వం చేతికొచ్చాకా వాడారు. ముద్రలో చట్రం మధ్య ‘ఫ్రీ’ అని ఉంటే ప్రైవేటుది, ఎనిమిది మూలల చట్రంలో ‘యు.ఎస్.’ అని ఉంటే ప్రభుత్వ క్యారియర్ (ఊళ్లో ఉత్తరాలు పంచే) సేవది. ముద్ర స్టాంపు దాటి కాగితం మీదికీ పడి ఉంటే ఇంకా మంచిది. ఖరీదు ఎక్కువైతే నిపుణుల సర్టిఫికెట్ లేకుండా డబ్బు కట్టకండి.