ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో పడిపోకుండా ఏం చేయాలి?

పిల్లలు విశాఖలోనో సూరత్‌లోనో ఉంటారు, అమ్మానాన్నలు మాత్రం ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో. రమ్మంటే "మా ఇల్లు వదలం" అంటారు. బలవంతపెట్టకండి. పండక్కి వెళ్లినప్పుడు ఒక పూట ఇంటి పనికి కేటాయిస్తే చాలావరకు సరిపోతుంది.

1. రాత్రి దారి చూడండి. ఎక్కువ టెన్షన్ పడాల్సింది ఇక్కడే. చీకటి పడ్డాక మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా వాళ్లని నడవమని, వెనకాలే వెళ్లండి. చెయ్యి ఏ గోడని పట్టుకుంటోందో గమనించండి. స్టీలు రాడ్డు సరిగ్గా అక్కడ బిగించాలి. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదు, దాన్ని నమ్ముకోవద్దు. పాత వరస ఇళ్లలో బాత్రూమ్ దొడ్డి చివర ఉంటుంది. దారిలో గడపలు, నాచు పట్టిన గచ్చు. గడపకి పసుపు రాస్తారు కాబట్టి అంచు కనబడుతుంది. మిగతా మెట్లకీ అలాగే పసుపు పెయింటు పట్టీ వేయించండి. గుమ్మంలో గోనెపట్టా తీసేయండి. దారంతా జీరో బల్బులు పెట్టించండి. బాత్రూమ్ గడియ బయట నుంచి కూడా తెరుచుకునేలా ఉండాలి.

2. మంచం, మందులు. దిగజారిన నవారు మంచం మార్చండి. కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి లేవగానే కళ్లు తిరగొచ్చు, అంచున కాసేపు కూర్చుని లేవమనండి.

3. పక్కింటివాళ్లు. ఒక తాళంచెవి వాళ్ల దగ్గర ఉంచండి. పొద్దున్న ముగ్గు పడకపోతే తలుపు తట్టమని చెప్పండి. ఏ యాప్ కన్నా ఇది నయం.

4. నంబర్లు. అంబులెన్స్‌కి 108, వృద్ధుల హెల్ప్‌లైన్‌కి 14567. గోడ మీద పెద్ద అంకెలతో రాయండి. పర్లాకిమిడి దాటితే ఆంధ్రాలోని పాతపట్నమే. ఫోన్ ఆంధ్రా టవర్ పట్టుకుని కాల్ అటు వెళ్లినా వెళ్లొచ్చు, అందుకే "ఒడిశా, గజపతి జిల్లా" అని ముందే చెప్పడం అలవాటు చేయండి. అడ్రసు ఒడియాలో రాసిన కాగితం కూడా పక్కనే అంటించండి.

5. తుఫానుకి ముందు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. సెప్టెంబరు చివరికే టార్చి, వారానికి సరిపడా మందులు, పవర్ బ్యాంక్ సిద్ధంగా ఉంచండి.

6. పడిపోతే. గబుక్కున లేపకండి. కాలు కదపలేకపోయినా, తలకి దెబ్బ తగిలినా కదిలించకుండా 108కి చేయండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.