సంక్రాంతి ప్రయాణానికి ముందు: బటన్ స్టార్ట్ కారు ఉన్నవారికి జాగ్రత్తలు

ఈ కార్లలో కీ తిప్పక్కర్లేదు, అది జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ ఆగిందని నిర్ధారించుకున్నాకే కారు దిగండి. కీ జేబులో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయినా చాలా కార్లలో ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, మూసి ఉన్న షెడ్డులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు నిండి నిద్రలోనే ప్రాణాలు తీయగలదు. పెట్రోలుతో పాటు కరెంటు మోటారుతోనూ నడిచే హైబ్రిడ్ కార్లలో చప్పుడు వినిపించకపోవచ్చు కనుక డ్యాష్‌బోర్డు దీపాలు ఆరాయో లేదో కూడా చూడాలి.

స్టేషన్‌లో దిగేవారి జేబులో కీ ఉండిపోకుండా చూసుకోండి. నిరుడు మా అన్నయ్య కీతో సహా రైలెక్కారు. కారు పెట్రోలు బంకు దాకా బాగానే వచ్చింది గాని, అక్కడ ఆపాక మళ్లీ స్టార్ట్ కాలేదు.

కీ బ్యాటరీ ముందే మార్చండి. చాలావాటిలో సీఆర్ 2032 బిళ్ల ఉంటుంది. అది దారిలో అయిపోతే కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి.

కీ బ్యాటరీ అయిపోయినప్పుడు తలుపు తీయడానికి కీ లోపల దాగి ఉన్న చిన్న తాళంచెవిని ఇప్పుడే ఒకసారి బయటికి లాగి చూడండి.