దవడ ఆపరేషన్ తర్వాత గురక, ఊపిరి ఇబ్బంది: సమస్య - పరిష్కారం

ముందు ఆపరేషన్ నోట్స్ తీయండి. ఏ దవడను ఎటు, ఎన్ని మిల్లీమీటర్లు జరిపారో అందులో ఉంటుంది. లేకపోతే అడిగి తీసుకోండి.

సమస్య: అంతకుముందు లేని గురక వచ్చింది.

ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను వెనక్కి నెట్టించుకున్నవాళ్లలో గొంతులో గాలి దారి ఇరుకైందేమోనని అనుమానించాలి. నాలుక కండరం గడ్డం ఎముక లోపలి వైపు అతుక్కుని ఉంటుంది. ఎముక వెనక్కి వెళ్తే నాలుకా గొంతు వైపు జరుగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు కండరం బిగువుగా ఉండి దారి తెరిచి ఉంచుతుంది. నిద్రలో వదులవుతుంది, అందుకే పగలు ఏమీ తెలియదు.

బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటే రూమ్మేట్‌తో రాత్రి వీడియో తీయించండి. గురక ఆగి, పది సెకన్లకు పైగా ఛాతీ కదులుతున్నా గాలి చప్పుడు లేక, ఒక్కసారిగా ఎగపీల్చారా? స్లీప్ స్టడీకి, అంటే నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్షకు, వెళ్లాల్సిందే. రిపోర్టులో ఏహెచ్‌ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క, 5 లోపు మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈలోగా పక్కకు తిరిగి పడుకోండి. మద్యం, నిద్రమాత్ర వద్దు.

ఇంకా ఆపరేషన్ కాలేదా? పళ్లకు క్లిప్పులు వేయించకముందే స్లీప్ స్టడీ చేయించండి. పై దవడను కొంత ముందుకు తెస్తే కిందిదాన్ని అంత వెనక్కి నెట్టక్కర్లేదు. ముఖం అందం లెక్కలో ఈ మాట తరచూ పక్కకు పోతుంది.

సమస్య: మొదటి వారం ఊపిరాడట్లేదు.

వాపు రెండు మూడు రోజులు పెరిగాకే తగ్గుతుంది. తల 30 డిగ్రీల ఎత్తులో పెట్టండి, ముక్కు చీదకండి. దవడలను రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంటే కత్తెర, తీగతో కట్టి ఉంటే వైర్ కట్టర్, అవసరమైతే వెంటనే కోయడానికి మంచం పక్కనే ఉండాలి. సీప్యాప్ మెషీన్, అంటే నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం, సర్జన్ చెప్పాకే పెట్టాలి, గాలి కుట్ల గుండా చర్మం కిందికి దూరొచ్చు. పీలుస్తుంటే గొంతులో ఈల చప్పుడు వస్తే 108.

వారాలు గడిచినా ముక్కు మూసుకునే ఉంటే బెంగళూరు ఎలర్జీ అని సరిపెట్టుకోకండి. పై దవడను పైకి ఎత్తినప్పుడు ముక్కు మధ్య గోడ వంగొచ్చు. ఈఎన్‌టీకి చూపించండి.

సమస్య: ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, తగ్గడం కోసమే రెండు దవడలూ ముందుకు జరిపించినా పూర్తిగా పోలేదు.

ఇందులో సాధారణంగా 10 మిల్లీమీటర్ల దాకా జరుపుతారు. చాలామందికి ఏహెచ్‌ఐ సగానికి పైగా తగ్గుతుంది కానీ అందరికీ 5 లోపుకి రాదు. గురక ఆగిందని సీప్యాప్ అటకెక్కించకండి. ఆరు నెలలకు మళ్లీ స్టడీ చేయించండి, అదీ బరువు చూసుకుని. రాగి జావతో తగ్గిన నాలుగు కిలోలు బిర్యానీతో తిరిగొస్తే మొదట్లో వచ్చిన మంచి అంకె నిలవదు.