అడవి చెట్లను చంపే కొత్త తెగుళ్ల మీద పరిశోధన: ఈ కెరీర్‌లోకి ఎలా దిగాలి

అడవుల్లో తిరగడం ఇష్టం కాబట్టి ఈ రంగంలోకి వస్తానంటే వద్దనను గానీ, ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు గడిచేది పెట్రీ డిష్‌ల ముందు, మైక్రోస్కోప్ దగ్గర, ఎక్సెల్ షీట్ల మధ్య. అడవికి వెళ్లిన రోజున కూడా చచ్చిపోతున్న చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని బెరడు చెక్కుతుంటారు. అయినా సరే అనుకుంటే చదవండి.

ఒక ప్రాంతంలో చెట్టూ శిలీంధ్రమూ లక్షల ఏళ్లు కలిసి బతికి ఒకదానికొకటి అలవాటు పడతాయి. అదే శిలీంధ్రం నర్సరీ మొక్కతోనో, సరుకు వచ్చిన చెక్క పెట్టెతోనో ఇంకో ఖండానికి చేరితే అక్కడి చెట్లకు దాన్ని తట్టుకునే శక్తి ఉండదు. ఆసియా నుంచి వెళ్లిన క్రైఫోనెక్ట్రియా పారాసైటికా అనే శిలీంధ్రం 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో చెస్ట్‌నట్ చెట్ల మీద బయటపడింది. ఓ యాభై ఏళ్లలో 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. వేళ్లు ఇప్పటికీ పిలకలు వేస్తూనే ఉంటాయి, కాస్త ఎదిగాక తెగులు పట్టి అవీ చస్తాయి.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో పెద్ద చిక్కేమీ లేదు. బోటనీ, ప్లాంట్ పాథాలజీ, ఫారెస్ట్రీ, మైక్రోబయాలజీ, ఏ దారిలో వచ్చినా పర్లేదు, సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ మాత్రం తప్పదు. స్టాటిస్టిక్స్ ముందే నేర్చుకోండి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేపర్ల లెక్క చూసి మురిసిపోకుండా ఆ ల్యాబ్ వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: పాత ఐసోలేట్లు (జబ్బు చెట్ల నుంచి విడదీసి పెంచిన తెగులు జీవులు) ఎక్కడ దాచారు, ఫీల్డ్ ప్లాట్లు (బయట చెట్లు నాటి గమనించే స్థలాలు) ఎన్నేళ్లుగా నడుస్తున్నాయి. రెండింటికీ నీళ్లు నమిలితే ఇంకో ల్యాబ్ వెతుక్కోవడం మంచిది.

అసలు పని ఐసోలేషన్‌తో మొదలవుతుంది, అంటే జబ్బు పట్టిన కణజాలం నుంచి తెగులు జీవిని విడదీసి పెంచడం. కొత్తవాళ్లు బాగా ఎండిపోయిన చోటే ముక్క తీస్తారు, అక్కడ దొరికేది ఆలస్యంగా వచ్చి చేరిన కుళ్లు శిలీంధ్రాలే. బతికిన భాగమూ చచ్చిన భాగమూ కలిసే అంచున తీయాలి, ఎందుకంటే తెగులు ముందుకు పాకుతున్నది అక్కడే. బ్లీచ్‌లో ఎక్కువసేపు ముంచితే పైన ఉన్న చెత్తతో పాటు మీకు కావాల్సినదీ చస్తుంది, ముఖ్యంగా ఫైటోఫ్తోరా. ఇది చూడటానికి శిలీంధ్రంలా ఉన్నా శిలీంధ్రం కాదు, గోధుమ రంగు నాచులకు దగ్గరి చుట్టం. ఆ తేడాయే మనకు కలిసొస్తుంది: పిమారిసిన్, యాంపిసిలిన్, రిఫాంపిసిన్, పీసీఎన్‌బీ అనే మందులు కలిపిన పార్ప్ మీడియం (జీవులను పెంచే జెల్లీ) మీద మామూలు శిలీంధ్రాలూ బ్యాక్టీరియా చాలావరకు ఆగిపోతాయి, ఫైటోఫ్తోరా పెరుగుతుంది. ఫైటోఫ్తోరా నీళ్లలో ఈదే స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు, వదులుతుంది కాబట్టి రోడోడెండ్రాన్ ఆకులు వల సంచిలో పెట్టి వాగులో వదిలేస్తే వారం, పది రోజుల్లో ఆకుల మీద మచ్చలు వస్తాయి, ఆ మచ్చల నుంచి కల్చర్ తీసుకోవచ్చు, అంటే జీవిని ప్లేట్ మీద పెంచుకోవచ్చు. చవకైన పద్ధతి, ఇప్పటికీ దీన్ని కొట్టింది లేదంటాను.

ప్లేట్ మీద ఏదో పెరిగింది కదా, దొంగ దొరికాడని సంబరపడకండి. చస్తున్న చెట్టు మీద పది రకాల జీవులు ఉంటాయి. కాలిఫోర్నియాలో 1990ల మధ్య నుంచి ఓక్, టాన్‌ఓక్ చెట్లు చస్తుంటే వాటి మీద బెరడు పురుగులూ, వేరే శిలీంధ్రాలూ కనిపించేవి. అసలు కారణం ఫైటోఫ్తోరా అని 2000లో తేలింది. అదే జీవి యూరప్‌లో నర్సరీ రోడోడెండ్రాన్ల మీదా దొరికింది, 2001లో ఫైటోఫ్తోరా రామోరం అని పేరు పెట్టారు. అందుకే పాతకాలపు కాక్ సూత్రాలు ఇప్పటికీ పాటించాలి: విడదీయండి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కించండి, అదే జబ్బు రావాలి, మళ్లీ అదే జీవి దొరకాలి. నెదర్లాండ్స్‌లో బియా ష్వార్జ్ 1922లో ఎల్మ్ చెట్లను చంపుతున్న శిలీంధ్రాన్ని గుర్తిస్తే చాలామంది నమ్మలేదు, కొన్నేళ్ల తర్వాత క్రిస్టీన్ బాయిస్‌మన్ ఎల్మ్‌లకు ఎక్కించి చూపించాకే వాదన తేలింది. చెట్ల మీద ఈ పరీక్షకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. మొదటి ఏడాదే మొక్కలు నాటించి పెట్టుకోండి, లేకపోతే థీసిస్ చివర్లో టెన్షన్ మొదలవుతుంది.

డీఎన్‌ఏ సీక్వెన్స్ చేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఐటీఎస్ (శిలీంధ్రాలను గుర్తించడానికి మామూలుగా చదివే డీఎన్‌ఏ ముక్క) ఒక్కటే చూస్తే దగ్గరి జాతులు చాలాసార్లు విడిపోవు. యూరప్ యాష్ చెట్లు 1990ల మొదట్లో పోలండ్‌లో చావడం మొదలైంది, 2006లో ఆ శిలీంధ్రానికి కలారా ఫ్రాక్సీనియా అని పేరు పెట్టారు. ఒకే శిలీంధ్రం లైంగిక దశకూ, అలైంగిక దశకూ వేరే పేర్లు ఉండేవి; దీని లైంగిక దశ యూరప్‌లో ఎప్పటినుంచో ఎవరికీ హాని చేయకుండా ఉన్న హైమెనోసైఫస్ ఆల్బిడస్ అని మొదట అనుకున్నారు. ఒకటి కంటే ఎక్కువ జీన్లు పోల్చాక అది వేరే జాతి అనీ, తూర్పు ఆసియాలోని యాష్ చెట్ల మీద పెద్ద గొడవ లేకుండా బతుకుతోందనీ తెలిసింది. స్థానిక శిలీంధ్రమే తిరగబడిందా, బయటి నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు మారితే చేయాల్సిన పని మొత్తం మారిపోతుంది.

టాపిక్ ఎంచుకోవడంలో నా లెక్క ఇది: పీహెచ్‌డీకి త్వరగా తేలే ప్రశ్న ఒకటి, పక్కనే నెమ్మదిగా సాగే పెద్ద ప్రశ్న ఒకటి. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ చెట్టు మీద స్పోర్లు తయారవుతున్నాయి లాంటివి మూడు, నాలుగేళ్లలో తేలతాయి. కాలిఫోర్నియాలో చచ్చేది ఓక్ గానీ, ఓక్ నుంచి రామోరం పెద్దగా వ్యాపించదు. పక్కనున్న బే లారెల్ ఆకుల మీద స్పోర్లు విపరీతంగా పుడతాయి, ఆ చెట్టుకు మాత్రం పెద్దగా ఏమీ కాదు. కాబట్టి చచ్చిన చెట్టునే చూస్తూ కూర్చోకండి, చావని చెట్లనూ శాంపిల్ చేయండి. తట్టుకునే చెట్లను పెంచి చూడటం మాత్రం దశాబ్దాల పని, దాన్ని సున్నా నుంచి మొదలుపెట్టొద్దు, ఎవరో నాటి వదిలిన ప్లాట్లలో చేరండి. చెస్ట్‌నట్ శిలీంధ్రానికే జబ్బు చేసే వైరస్ ఒకటి ఉంది, దాని వల్ల యూరప్‌లో చాలా చెట్లు కోలుకున్నాయి, అమెరికాలో ఆ స్థాయిలో పని చేయలేదు. అక్కడి శిలీంధ్రంలో ఒకదానితో ఒకటి కలవని రకాలు ఎక్కువ కావడం ఒక కారణం, కలవకపోతే వైరస్ దాటదు. ఇలాంటి తేడాల దగ్గరే మంచి టాపిక్‌లు దొరుకుతాయి.

ఫీల్డ్‌లో శుభ్రత విషయంలో మొహమాటం వద్దు. మీ బూట్ల మట్టిలోనే తెగులు ఇంకో అడవికి వెళ్తుంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లే ముందు మట్టి గీకి కడగండి, తర్వాత పనిముట్లూ బూట్లూ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. మట్టి వదలకుండా మందు కొడితే ప్రయోజనం లేదు. బతికున్న కల్చర్‌ను పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించొద్దు, స్నేహితుడి ల్యాబ్‌కే అయినా సరే. కొత్త తెగులు దొరికిందని అనుమానం రాగానే మొక్కల సంరక్షణ అధికారులకు చెప్పండి, పేపర్ తర్వాత రాసుకోవచ్చు. క్వారంటైన్ నిబంధనలు కూడా చదివి ఉంచుకోండి. ఎగుమతి సరుకు పెట్టెల చెక్కను దాని నడిమి దాకా 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడి చేయాలన్న ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన మన రంగం నుంచి పుట్టిందే. బతికున్న మొక్కల వ్యాపారానికి అంత తేలికైన మందు లేదు, ఎక్కువ చొరబాట్లు ఆ దారినే జరుగుతున్నాయి.

డబ్బుల సంగతి నిజాయితీగా చెప్పాలంటే, తెగులు వార్తల్లో ఉన్నప్పుడు గ్రాంట్లు వస్తాయి, అందరికీ అలవాటయ్యాక ఆగిపోతాయి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) రోజుల్లో ఒకే జీవిని పట్టుకుని కూర్చోకుండా రెండో జీవిని, లేదా ఎక్కడైనా పనికొచ్చే ఒక నైపుణ్యాన్ని చేతిలో ఉంచుకోండి.

చివరిగా, ఐసోలేట్లు. పదేపదే కొత్త ప్లేట్‌కు మారుస్తూ పోతే చాలావాటికి జబ్బు కలిగించే తీవ్రత తగ్గుతుంది. అందుకే తీసిన తొలి రోజుల్లోనే జీవి పెరిగిన అగర్ (ప్లేట్‌లోని జెల్లీ) ముక్కలు స్టెరిలైజ్ చేసిన నీళ్లలో వేసి దాచండి, వీలైతే ద్రవ నైట్రోజన్‌లోనూ ఒక సెట్ పెట్టండి, ముఖ్యమైనవి పబ్లిక్ కల్చర్ కలెక్షన్‌కు ఇవ్వండి. ట్యూబ్ మీద నంబరు, నోట్‌బుక్‌లో చెట్టు జాతి, చోటు, తేదీ, ఏ భాగం నుంచి తీశారో రాయాలి, ఆ సాయంత్రమే.