సూది పట్టే ముందు సంచీ చూడండి

నల్లగొండ, పాలమూరు వైపు ఆసుపత్రుల్లో కొత్తగా చేరే నర్సులకు కీళ్ళవాతం మందులు, నొప్పి మందులు, మత్తుమందులు అప్పగించేటప్పుడు నేను చెప్పే మాటలివి. మోతాదు డాక్టరు రాస్తారు. రోగి ఇంటి దగ్గర ఇప్పటికే ఏమి మింగుతున్నాడో, ఏమి తాగుతున్నాడో మాత్రం కేస్ షీటులో ఉండదు. దాన్ని రాబట్టడం మన పని.

"ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే "బీపీ మాత్రలమ్మా" అంటారు, అంతటితో సరి. "మాత్రల సంచీ ఏదీ? మంచం మీద పోయండి" అనండి. పేరున్న చివర కత్తిరించిన సగం స్ట్రిప్పు, కాగితంలో చుట్టిన విడి మాత్రలు, పక్కింటామెకు పనిచేసిందని తెచ్చుకున్న నాలుగు గోళీలు అన్నీ బయటపడతాయి.

వాటిలో నేను మొదట వెతికేది మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి, సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల వరకు. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. దీనికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్ కూడా తరచూ చిన్న పసుపు మాత్రే. చదువురాని పెద్దామెకు రెండూ ఒకటే. రెండిటినీ వేర్వేరు కవర్లలో వేసి, మెథోట్రెక్సేట్ కవరు మీద వారం పేరు తెలుగులో పూర్తిగా రాయండి. ఇంగ్లీషులో సోమవారాన్ని పొట్టిగా రాస్తే ఉదయం అని చదివే ప్రమాదం ఉంది. నేనైతే "మీ ఊళ్ళో అంగడి ఏ రోజు?" అని అడుగుతాను. అంగడి రోజును ఎవరూ మరచిపోరు, మాత్ర ఆ రోజుకే. తరువాత ఆమె చేతనే చెప్పించండి. తల ఊపితే వదలకండి.

రోగి "నోరంతా పుండ్లు, కారం తినలేకపోతున్నా" అంటే బి కాంప్లెక్స్ ఇచ్చి పంపకండి. అది మెథోట్రెక్సేట్ ఎక్కువైందనడానికి తొలి గుర్తు కావచ్చు. జ్వరం కూడా ఉంటే ఆ మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, కాలేయం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. మోతాదు మించినప్పుడు విరుగుడు ఫోలినిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్ కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయి, స్టోరు నుంచి తెచ్చినదాన్ని మళ్ళీ చదవండి. మూత్రంలో మంటకని కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాసి ఉంటే ఇవ్వకుండా ఆగి అడగండి. రెండూ రక్తకణాల తయారీకి కావలసిన ఫోలేట్‌నే అడ్డుకునే మందులు, కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. గర్భం వచ్చే వయసు ఆడవాళ్ళను గర్భం సంగతి విడిగా, అత్తగారు పక్కన లేనప్పుడు అడగండి. ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. పొలం పనికి పోయి ఒంట్లో నీరు తగ్గినవాళ్ళు, నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. కిడ్నీ నెమ్మదించిందా, ఒంట్లోని మెథోట్రెక్సేట్ బయటికి పోదు. మే నెలలో వచ్చిన రోగికి మూత్రం ఎంత వస్తోందో అడగకుండా నొప్పి సూది పట్టకండి.

ఇంకొకటి. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పెద్దవాళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళతో బిగుసుకుపోయిన మెడలు, నడుములు ఇప్పటికీ చూస్తాం. అది ఎముకలో పేరుకున్న ఫ్లోరైడ్ వల్ల వచ్చిన నొప్పి. రోగనిరోధక శక్తి సొంత కీళ్ళ మీదే తిరగబడే జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ దానికి పనికిరాదు. పక్కింటామె మాత్రలు వీళ్ళ సంచీలో కనబడితే తీసి పక్కన పెట్టి డాక్టరుకు చూపండి.

సంచీలో రెండో దొంగ పేరులేని చిన్న తెల్ల మాత్ర. "అది వేసుకుంటేనే లేచి నడుస్తా" అని రోగి మెచ్చుకుంటే, ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంటే, అది స్టెరాయిడ్, డెక్సామెథసోనో ప్రెడ్నిసోలోనో అని అనుమానించండి. కొన్ని వారాలు రోజూ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మందగిస్తుంది. ఆసుపత్రిలో చేర్చుకుని ఆ మాత్ర ఆపేస్తే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం మొదలవుతాయి. సెలైన్ ఎక్కించినా బీపీ నిలవదు. ఆపరేషనుకు వెళ్ళే రోగి అయితే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. స్టెరాయిడ్ జ్వరాన్ని దాచిపెడుతుంది కూడా, అందుకని థర్మామీటరు మామూలుగా ఉందని ఇన్ఫెక్షన్ లేదనుకోవద్దు. స్టెరాయిడ్ మాత్రను ఉదయం, తిన్నాక ఇవ్వండి. షుగర్ చూడండి.

కీళ్ళవాతానికే ఇచ్చే మరో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇంత తిప్పలు పెట్టదు. కళ్ళ పరీక్ష చేయించారా అని అడిగితే చాలు.

ఇక నొప్పి. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటే మన పెద్దలు "మస్తు నొప్పి బిడ్డా" అంటారు. రూపాయిలో ఎన్ని అణాలు తగ్గిందని అడగండి. "పన్నెండణాలు తగ్గింది" అని టక్కున వస్తుంది. గట్టి నొప్పి మందు మార్ఫిన్ ఇచ్చే ముందు, ఇచ్చాక, ఊపిరి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ పనికిరాదు. పదికన్నా తక్కువ ఉంటే ఇవ్వకుండా డాక్టరును పిలవండి. అయితే ఊపిరి తగ్గేదాకా ఎదురుచూడవద్దు. మాట మధ్యలో కళ్ళు మూతపడుతుంటే అదే ముందస్తు కబురు. మార్ఫిన్‌కు విరుగుడు నలాక్సోన్. దాని 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూలును సెలైన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి, ఆర్డరు ప్రకారం కొంచెం కొంచెంగా ఇస్తారు. రోగి లేచి కూర్చోగానే అందరూ వెళ్ళిపోతారు, తప్పంతా అక్కడే. నలాక్సోన్ గంట అటూఇటూగా దిగిపోతుంది, మార్ఫిన్ ఇంకా లోపలే ఉంటుంది. మంచం దగ్గరే ఉండండి. కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ఎక్కువసేపు. మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకానికి మందు మొదటి రోజే అడిగి రాయించుకోండి.

మత్తుమందుల్లో మిడజోలామ్ రెండు బలాల్లో వస్తుంది: మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, మిల్లీలీటరుకు 5. సీసా రంగును నమ్మకుండా అంకెను పైకి చదవండి, పక్కనున్నవారు వినాలి. అది నిద్రపుచ్చుతుంది తప్ప నొప్పి తీయదు. కట్టు మార్చేటప్పుడు నొప్పి మందు లేకుండా ఇదొక్కటే ఇస్తే రోగి మత్తులోనే మూలుగుతాడు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న, ఏ పుస్తకమూ నేర్పనిది, ఒకటుంది: "కల్లు రోజూ తాగుతారా? ఎక్కడిది?" తాటిచెట్టు కింద తాగే కల్లు వేరు. కల్తీ కల్లులో డైజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమత్తు మందులు కలుపుతారు. దానికి అలవాటుపడినవారికి మామూలు మోతాదు మిడజోలామ్ ఆనకపోవచ్చు. అప్పుడే తాగి వచ్చినవారికి అదే మోతాదు ఊపిరి ఆపవచ్చు. మిడజోలామ్‌కు విరుగుడు ఫ్లూమజెనిల్ ట్రేలో ఉంది కదా అని ధైర్యపడకండి, రోజూ ఆ కల్లు తాగేవారిలో అది ఫిట్స్ తెప్పించవచ్చు. వాళ్ళకు గడ్డం పైకెత్తి ఊపిరి దారి తెరవడం, ఆక్సిజన్, చేత్తో నొక్కి ఊపిరి పట్టించే ఆంబూ బ్యాగు, ఇవే మొదటి ఆసరా.

ఆడవాళ్ళనూ అడగండి. సిగ్గుపడతారు కనుక గొంతు తగ్గించి, తప్పుపట్టని ముఖంతో అడగాలి. అవునంటే కేస్ షీటులో ఎర్ర సిరాతో రాసి, రాత్రి డ్యూటీ వాళ్ళకు నోటితో కూడా చెప్పండి. కల్లు ఆగిన తరువాత రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, పిచ్చిచూపులు, ఫిట్స్ వస్తాయి. దాన్ని ఆసుపత్రి గాలి పడలేదనో, గాలి సోకిందనో ఇంటివాళ్ళు అంటారు. మీరు మంచం పక్క కమ్మీలు ఎత్తి డాక్టరుకు ఫోను చేయండి.