తుఫాను నెలల్లో ఇల్లు మారవలసివస్తే

ఆషాఢంలో ఇల్లు మారరాదని ఆగి, శ్రావణంలో నచ్చిన బాడుగ ఇల్లు దొరకక, భాద్రపదం కూడా దాటించి ఆశ్వయుజ కార్తికాలకు వాయిదా వేసుకునే కుటుంబాలు తిరుపతిలో ఏటా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సాగే ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు మన ప్రాంతానికి గట్టి వానలు తెచ్చేది సరిగ్గా అప్పుడే. కాబట్టి ఈ నెలల్లో సామాను కదిలించేవారు పంచాంగంతోపాటు వాతావరణ శాఖ సూచనలను కూడా చూసుకోవడం తప్పనిసరి.

నా దృష్టిలో సగం హైరానాకు కారణం, పాలు పొంగించడమూ సామాను చేరవేయడమూ ఒకే రోజు జరగాలనుకోవడమే. తెల్లవారుజామున ముహూర్తం ఉంటే దేవుడి పటం, దీపపు కుందులు, పాలగిన్నె, ఒక పొయ్యి, కాస్త బియ్యం, ఉప్పు, పసుపు కుంకుమలతో వెళ్లి ఆ కార్యం ముగించుకోవచ్చు. బీరువాలు, మంచాలు వాన తెరిపి ఇచ్చిన రోజున నింపాదిగా వస్తాయి. రెండు ఇళ్లకూ నాలుగైదు రోజుల బాడుగ అదనంగా పడినా, తడిసిన పరుపుల ఖరీదుతో పోలిస్తే అది తక్కువే.

రోజు నిర్ణయించుకునేటప్పుడు ఊరి రద్దీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. శ్రీవారి బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ జరిగే ఐదో రోజున, అలిపిరి వైపు రోడ్లలో సామాను బండి నడపడం దుస్సాధ్యం. తిరుచానూరులో దిగేవారు అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలను, అందులోనూ చివరి రోజైన పంచమీతీర్థాన్ని తప్పించుకోవాలి. గట్టి వాన పడితే వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే వంతెన కింద నీళ్లు నిలుస్తాయి కనుక, బండి ఏ దారిన రావాలో డ్రైవరుకు ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.

కొత్త ఇంటిని ఎండ రోజున చూసి అడ్వాన్సు ఇచ్చినా, ఒక వాన పడ్డాక మరోసారి వెళ్లి చూడండి. ఏ గోడకు చెమ్మ దిగుతున్నదో, మిద్దె మీది నీరు ఎటు పోతున్నదో, వీధి కాలువ గేటుదాకా పొంగుతున్నదో అప్పుడే తెలుస్తుంది. చెమ్మ గోడకు ఆనించి బీరువా పెడితే, లోపలి పట్టుచీరలకు బూజు పట్టాక గానీ ఆ సంగతి బయటపడదు. చేరిన వెంటనే సంపు ఖాళీ చేసి కడగాలన్న తొందర కూడా వద్దు. నేల బాగా నీరు తాగి ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఖాళీ తొట్టిని పైకి తోస్తుంది. 2021 నవంబరు వరదల తరువాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి సంపును శుభ్రం చేస్తుండగా, సిమెంటు వరలతో కట్టిన ఆ తొట్టి నేలలోంచి పైకి లేచింది. వానలు తగ్గి నేల కొంత ఆరేదాకా ఆ పని ఆపడమే క్షేమం. మోటారు స్విచ్చుకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో మాత్రం మొదటిరోజే ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

యంత్రాల విషయంలో తొందర అసలు పనికిరాదు. ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి, స్విచ్చు తీసి, తలుపు తెరిచి ఉంచితే మంచు కరుగుతుంది. వెనుకవైపు అడుగున ఉండే చిన్న ట్రేలో చేరిన నీటిని చాలామంది మరిచిపోతారు. మెట్లు దిగేటప్పుడు ఆ నీరే హమాలీ కాళ్ల కిందికి కారి జారుడు చేస్తుంది. ఫ్రిజ్‌ను నిలువుగానే తీసుకువెళ్లాలి. తప్పనిసరై పడుకోబెడితే, నిలబెట్టిన తరువాత కొన్ని గంటలు ఆగి గానీ కరెంటు ఇవ్వకూడదు. ముందు తలుపు వాషింగ్ మెషీనుకు కొన్నప్పుడు వెనుకనుంచి తీసిన బోల్టులను మళ్లీ బిగిస్తే లోపలి డ్రమ్ము ఊగదు. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది కాబట్టి దానిని వంచకుండా, పరుపులకూ బట్టలకూ దూరంగా ఉంచాలి.

గ్యాస్ సిలిండరుకు రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలువుగా కట్టి పంపాలి. ఊళ్లోనే మారేవారు ఏజెన్సీలో చిరునామా మార్పించుకోవాలి. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చేవారు పాత ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, వారిచ్చే వోచరును భద్రంగా తెచ్చుకోవాలి.

బండి మాట్లాడేటప్పుడు పైన కప్పే టార్పాలిన్ ఉన్నదా అని అడగడం కాదు, దానిని విప్పించి చిరుగులు చూడాలి. అట్టపెట్టెలు తడిస్తే అడుగు ఊడిపోతాయి. పుస్తకాలు, పప్పుల డబ్బాలు ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనో, లోపల పాలిథిన్ కవరు వేసిన గోనెసంచుల్లోనో సర్దడం మేలు. బియ్యం మూటలు బండి అడుగున నేరుగా పెట్టకుండా కింద చెక్కలు వేయించాలి. బీరువా ఖాళీ చేసి తాళం వేసినా, తలుపుల చుట్టూ తాడు కట్టించాలి. మెట్ల మలుపు వెడల్పును టేపుతో ముందే కొలిస్తే, రెండో అంతస్తు మలుపులో బీరువా ఇరుక్కుని పైకీ పోక కిందికీ రాక నలుగురూ అరుచుకునే పరిస్థితి రాదు.

బంగారం, ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దవాళ్ల మందులు బండి ఎక్కకూడదు. అవి ఇంటి మనిషి చేతిసంచిలోనే ఉండాలి. వీలైతే అమ్మానాన్నలను, పసిపిల్లలను ఆ ఒక్కరోజు బంధువుల ఇంట ఉంచండి. జీవకోన, కపిలతీర్థం వైపు కొండ అంచున ఇల్లు తీసుకున్నవారు, చాలాకాలం మూసి ఉన్న గదుల మూలలు, స్నానాల గది తూములు టార్చి వేసి చూశాకే పిల్లలను లోపలికి పంపాలి. వాన నెలల్లో పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుంటూ వస్తాయి.

పాత ఇంటి తాళం అప్పగించే ముందు కరెంటు మీటరు రీడింగును సర్వీసు నంబరుతో సహా ఫోటో తీసి, యజమానికి వాట్సాప్‌లో పంపండి. గోడల ఫోటోలు కూడా అదే రోజు తీయాలి. చెమ్మ వల్ల ఊడిన సున్నానికి అడ్వాన్సులో కోత పెడతానన్నప్పుడు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. ఓటరు జాబితాలో చిరునామా మార్పునకు ఫారం 8 ఉంది. సామాను సర్దుకున్నాక దానిని ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయవచ్చు.